పన్నెండు బిళ్ళలు

అమ్మమ్మ మందులన్నీ ఒక పాత రేకు డబ్బాలో ఉంటాయి. నా చిన్నప్పుడు అందులో జంతికలుండేవి. వేసవి సెలవులకి తెనాలి వెళ్ళగానే చెప్పులు విప్పకుండానే ఆ డబ్బా మూత తీసేవాణ్ణి. ఇప్పుడు అదే మూత తీస్తే ఆసుపత్రి వాసన. అడుగున నాలుగైదు రకాల డాక్టర్ చీటీలు, వాటిమీద సగం తిన్న బిళ్ళల అట్టలు, రబ్బరు బ్యాండు వేసిన బిల్లులు.

2021లో ఆ డబ్బా బాధ్యత నేను తీసుకున్నాను. ఉద్యోగం కుదురుకుంది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, పక్కన లేననే అపరాధభావం ఉంది. హైదరాబాదులో కూర్చుని చేయగలిగింది చేశాను: ఎక్సెల్‌లో ఒక షీట్ తయారుచేసి, మందుల యాప్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖున ఆర్డర్ దానంతటదే వెళ్ళేలా పెట్టేశాను. కొత్త డాక్టరు కొత్త చీటీ రాస్తే మావయ్య ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. నేను షీట్‌లో ఒక వరస కలిపేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, "మందులేసుకున్నావా?" అని అడిగేవాణ్ణి. "వేసుకున్నాన్రా" అనేది. అదే మా సంభాషణ. అంత బాధ్యత గల మనవడు మా ఇళ్ళలో ఇంకొకడు లేడని నా నమ్మకం.

2023 నవంబరు నాటికి ఆ షీట్‌లో పన్నెండు వరసలున్నాయి. అమ్మమ్మకి 78 ఏళ్ళు, 46 కిలోలు. ముఖంలో నవ్వు లేదు, కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. నన్ను ఎప్పుడో పోయిన తన తమ్ముడి పేరుతో పిలుస్తోంది. పెద్దవాళ్ళు ఆవిడ ముందే, ఆవిడ అక్కడ లేనట్టు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "ఇంక అంతేరా, వయసు," అంది మా అమ్మ. నేనూ తలూపాను.

* * *

ఆ నెలలో ఆవిణ్ణి హైదరాబాదు తీసుకొచ్చాం. మతిమరుపుకి ఏదైనా మందుంటుందేమో కనుక్కుందామని, వృద్ధుల వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అంటే పదమూడో బిళ్ళ కోసం వెళ్ళాం.

ఆవిడ ముందు అమ్మమ్మ కాళ్ళు చూసింది. అతుల్ గవాండే 2014లో రాసిన 'బీయింగ్ మోర్టల్' చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అందులోనూ ఒక వృద్ధుల డాక్టరు పేషెంటు మేజోళ్ళు విప్పించి పాదాలు చూస్తాడు. పుస్తకం చదివినప్పుడు అది చక్కటి సన్నివేశంలా అనిపించింది. మా అమ్మమ్మ వాచిన చీలమండ మీద ఆ డాక్టరమ్మ వేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తున్నప్పుడు మాత్రం, ఈ రెండేళ్ళలో ఆ కాళ్ళు నేనొక్కసారి కూడా సరిగ్గా చూడలేదని గుర్తొచ్చింది.

తర్వాత ఆవిడ నన్నడిగింది: "ఏ మందు ఏ నెలలో మొదలైంది? ఏ ఇబ్బంది ఏ నెలలో మొదలైంది? రెండూ పక్కపక్కన రాసి తీసుకురాగలరా?"

మందులు ఏమిటి అని అడిగిన డాక్టర్లున్నారు. ఎప్పుడు అని అడిగినవాళ్ళు లేరు. నేను పొద్దస్తమానం చేసే పనే ఇది. సర్వర్ పడిపోతే ముందు అడిగే ప్రశ్న, "చివరిసారి ఏం మార్చారు?" అనే. ఇంట్లో మనిషి పడిపోతే ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఆ రాత్రి యాప్‌లో పాత ఆర్డర్లు, డబ్బాలో చీటీలు, ఫోన్లో ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. తేలింది ఇది.

2021 డిసెంబరులో బీపీ ఎక్కువుందని ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకి పెంచారు. 2022 ఏప్రిల్‌కి కాళ్ళు వాచాయి. ఇంకో డాక్టరు ఒంట్లో నీరు చేరిందని ఫ్యూరోసెమైడ్ రాశాడు. నీరు పోవడానికి ఇచ్చే బిళ్ళ అది. రాత్రి నాలుగుసార్లు బాత్రూముకి లేవడం మొదలైంది. లేచినప్పుడల్లా కళ్ళు తిరిగేవి. జూన్‌లో కళ్ళు తిరగడానికి సిన్నారిజిన్ వచ్చింది. ఆగస్టులో, రాత్రుళ్ళు నిద్ర ఉండట్లేదని ఆల్ప్రజోలం. సెప్టెంబరులో బాత్రూంలో పడిపోయింది. అందరం "జారిపడింది" అనుకున్నాం, రబ్బరు మ్యాట్ కొన్నాం. ఆ మోకాలి నొప్పికి ఎసిక్లోఫెనాక్, అది కడుపులో మంట పెడుతుందని పాంటాప్రజోల్.

2023 సంక్రాంతి. నా ఫోన్లో రెండు ముగ్గుల ఫొటోలున్నాయి. 2022 భోగినాటి ముగ్గులో గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. 2023 ముగ్గులో ప్రతి గీతా అలలు అలలుగా వణికింది. ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి "అమ్మమ్మ స్పెషల్" అని రాసింది నేనే. మార్చికి నడక చిన్నచిన్న అడుగులైంది. నరాల జబ్బన్నారు. వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ మొదలైంది. ఆ తర్వాత నోరెండిపోవడం, మలబద్ధకం. దసరాకి మతిమరుపు.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి, పెన్నుతో ఆమ్లోడిపిన్ నుంచి కాళ్ళవాపుకి ఒక బాణం గీసింది. వాపు నుంచి ఫ్యూరోసెమైడ్‌కి ఒకటి. అక్కణ్ణుంచి కళ్ళు తిరగడానికి, అక్కణ్ణుంచి సిన్నారిజిన్‌కి, అక్కణ్ణుంచి వణుకుకి, అక్కణ్ణుంచి ట్రైహెక్సీఫెనిడిల్‌కి, అక్కణ్ణుంచి మతిమరుపుకి. పేజీ చివరికొచ్చాక పెన్ను పక్కన పెట్టి, "మీరు తర్వాతి బాణం కోసం వచ్చారు," అంది. కోపంగా ఏం అనలేదు.

ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాచడం మామూలే. అది గుండె బలహీనపడి వచ్చే వాపు కాదు, కాబట్టి నీళ్ళ బిళ్ళతో సరిగ్గా తగ్గదు. సిన్నారిజిన్ మెదడులో డోపమిన్ పనికి అడ్డుపడి, అచ్చం పార్కిన్‌సన్స్‌లాంటి వణుకునీ బిగుతునీ తెచ్చిపెట్టగలదు. ముసలివాళ్ళలో, నెలల తరబడి వాడితే ఆ ప్రమాదం ఎక్కువ. ఈ సంగతి 1980ల నుంచే స్పెయిన్, లాటిన్ అమెరికా డాక్టర్లు రాస్తూ వచ్చారు. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు ఇవ్వడం, దాని దుష్ఫలితానికి మరొకటి ఇవ్వడం - ఈ గొలుసుకి పౌలా రోషోన్, జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1990లలోనే 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అని పేరు పెట్టారు. మెట్లమీంచి దూకే జలపాతం లాంటిది. మా ఇంట్లో ఆ జలపాతానికి ఒక్కొక్క మెట్టూ కడుతూ పోయినవాణ్ణి నేను.

ఎందుకంటే, సిన్నారిజిన్ చీటీ డబ్బాలోనే ఉంది. తీసి చూశాను. గజిబిజి రాతే గానీ చివర అంకె స్పష్టంగా ఉంది: 15 రోజులు. ఆ డాక్టరు తప్పు రాయలేదు. దాన్ని నెలనెలా వెళ్ళే ఆర్డర్లో కలిపింది నేను. పదిహేను రోజుల మందు పదిహేడు నెలలు వెళ్ళింది. ఒక్క నెల కూడా ఆలస్యం కాకుండా.

* * *

తర్వాత కొన్ని వారాలు పిచ్చిపట్టినట్టు చదివాను. సాహిత్యం మీద రివ్యూలు రాసుకునే అలవాటున్నవాణ్ణి, మందుల జాబితాల్ని కూడా అలాగే చదివాను.

వాటిలో మొదటిది, ఎక్కువమంది వాడేది బీర్స్ జాబితా. మార్క్ బీర్స్ అనే అమెరికన్ వృద్ధుల డాక్టరు 1991లో దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి నర్సింగ్ హోముల్లో ఉండే ముసలివాళ్ళకి ఏ మందులు మేలుకన్నా కీడు ఎక్కువ చేయొచ్చో నిపుణులందరినీ అడిగి, అందరూ ఒప్పుకున్నవి ఒకచోట రాశాడు. ఆయన 2009లో చనిపోయాడు. 2011 నుంచి అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని చూసుకుంటోంది. 2023లో మళ్ళీ సవరించింది. ఐర్లండ్‌లోని కార్క్ నుంచి 2008లో వచ్చిన 'స్టాప్', 'స్టార్ట్' జాబితాలు ఇంకోటి. ఆపాల్సినవి ఒకవైపు, ఇవ్వాల్సి ఉండీ ఇవ్వకుండా వదిలేసినవి ఇంకోవైపు. ఆ రెండో వైపు ఉండటం నాకు నచ్చింది. ముసలివాళ్ళకి మందులు ఎక్కువవడమే కాదు, వయసు చూసి అసలివ్వాల్సిన మందు ఎగ్గొట్టడం కూడా తప్పే.

బీర్స్ జాబితాలో నన్ను ఆపింది ఒక విశేషణం. అందులో ఉన్న మందుల్ని 'అనుచితం' అనరు. 'అనుచితం కావచ్చు' అంటారు. మొదట ఇది డాక్టర్ల తప్పించుకునే భాష అనుకున్నాను. తర్వాత అర్థమైంది, జాబితా నిజాయితీ అంతా ఆ 'కావచ్చు'లోనే ఉంది. ఒక్కో మందు పక్కన కారణం, ఏం చేయాలి, సాక్ష్యం ఎంత గట్టిది, సలహా ఎంత గట్టిది అని విడివిడిగా రాస్తారు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా తీర్పు చెప్పకు అని డాక్టరుకి గుర్తుచేస్తుంది. మంచి విమర్శ చేసే పనీ దాదాపు ఇదే.

మా షీట్‌ని ఆ జాబితా పక్కన పెట్టి చూశాను. ఆల్ప్రజోలం ఉంది: ముసలి ఒంట్లో ఈ కుటుంబం మందులు మత్తునీ తూలునీ పడిపోవడాన్నీ పెంచుతాయి. ట్రైహెక్సీఫెనిడిల్ ఉంది: మతిని మసకబారుస్తుంది. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ఏళ్ళతరబడి వాడటం ఉంది. పాంటాప్రజోల్ లాంటివి, తగిన కారణం లేకుండా ఎనిమిది వారాలు దాటడం ఉంది. గుండెజబ్బేమీ లేని పెద్దవాళ్ళకి ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం ఉంది. గ్లిమెపిరైడ్ ఉంది: షుగరుని మరీ కిందికి లాగేయగలదు. అదైతే మా షీట్‌లో రెండుసార్లుంది. ఒక డాక్టరు మెట్‌ఫార్మిన్‌తో కలిపిన బిళ్ళగా రాశాడు, ఇంకో డాక్టరు విడిగా ఇంకో కంపెనీ పేరుతో రాశాడు. రెండు పేర్లకీ ఎక్కడా పోలిక లేదు, రంగులు వేరు, అట్టలు వేరు. తెల్లవారుజామున అమ్మమ్మకి చెమటలు పోస్తుంటే మేం ఫ్యాన్ స్పీడు పెంచాం. ఒకే విలువ రెండు పేర్లతో రెండుచోట్ల రాసిన కోడ్‌ని ఆఫీసులో నేను ఒక్క చూపులో పట్టుకుంటాను.

అన్నిటికన్నా ముఖ్యమైన సిన్నారిజిన్ మాత్రం ఆ జాబితాలో కనపడలేదు. అది అమెరికాలో అమ్మకంలోనే లేదు. లేని మందుకి అక్కడివాళ్ళు హెచ్చరిక ఎందుకు రాస్తారు? ఆ జాబితా నాకు ముందే దొరికి ఉంటే, అందులో ఇది లేదు కదా అని ఇంకో పదిహేడు నెలలు పంపేవాణ్ణేమో. పరాయి దేశపు విమర్శ సూత్రాలు పట్టుకుని మన కథల్ని కొలిస్తే ఏమవుతుందో మనకి తెలిసిందే. పనికొస్తాయి, కానీ మన దగ్గరే పుట్టిన తప్పు వాటి కంట పడదు.

ఇంకొక లెక్క కూడా చేశాను. అమ్మమ్మ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 అని, పక్కన నార్మల్ అని ఉంది. మూడు రిపోర్టుల్లో అదే చూసి మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నాను. కానీ క్రియాటినిన్ వచ్చేది కండలోంచి. కండ కరిగిపోయిన మనిషిలో మూత్రపిండాలు సగం పనిచేస్తున్నా ఆ అంకె బాగానే కనబడుతుంది. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనేవాళ్ళు ఇచ్చిన సూత్రం ఒకటుంది. 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించాలి; దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి; ఆడవాళ్ళకైతే 0.85తో గుణించాలి. ఒక్క లైను కోడ్. అమ్మమ్మకి 31 కూడా రాలేదు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళవాళ్ళకి వంద చుట్టుపక్కల ఉంటుంది. అలాంటి మూత్రపిండాల మీద టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, ఎసిక్లోఫెనాక్ మూడూ ఒకేసారి పనిచేస్తున్నాయి. ఈ మూడూ కలిస్తే ఎంత చేటో డాక్టర్లందరికీ తెలుసు. కాకపోతే మూడూ ఒక డాక్టరు రాసినవి కావు. గుండె డాక్టరు గుండెని చూశాడు, ఎముకల డాక్టరు మోకాలిని చూశాడు. అమ్మమ్మని మొత్తంగా చూసే ఉద్యోగం ఎవరికీ లేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో వృద్ధుల వైద్యానికి ఎండీ కోర్సు 1996లోనే మొదలైంది. అయినా మన ఊళ్ళలో ఆ బోర్డు ఎక్కడైనా చూశారా?

ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో చాలా రోజులు వెతుక్కున్నాను. ఒక్కో చీటీనీ విడిగా చూస్తే ఏ ఒక్కటీ ఘోరంగా లేదు. వరండా నిండా జనం, తలకి మూడు నిమిషాలు. పాత డాక్టరు రాసింది తీసేయాలంటే అదెందుకు రాశాడో తెలియాలి. తెలియనప్పుడు కదపకుండా పక్కన ఇంకోటి చేర్చడమే క్షేమం. పదేళ్ళనాటి కోడ్‌ని మేమూ అలాగే చూస్తాం. ఎందుకుందో తెలీదు, తీస్తే ఏం కూలుతుందో తెలీదు, ఉండనీ.

* * *

చదివినవాడికి తొందర ఎక్కువ. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో ఏది ఎప్పుడు ఎంత తగ్గించాలో వారాలవారీగా ఉంది. ఆల్ప్రజోలం అన్నిటికన్నా చివర, నెలల మీద తగ్గించమంది. నాకది అన్యాయంగా తోచింది. అన్నిటికన్నా చెడ్డదాన్ని చివరిదాకా ఉంచడమేమిటి? తెనాలి వెళ్ళిన వారానికే మావయ్యకి ఫోన్ చేసి అది ఆపేయమన్నాను.

రెండో రాత్రి అమ్మమ్మ నిద్రపోలేదు. మూడో రాత్రి గోడమీద ఎవరో పాకుతున్నారని కేకలు పెట్టింది, ఒళ్ళంతా వణికింది. తెలంగాణలో మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటుపడ్డవాళ్ళు అది దొరక్క ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల్లో చేరడం గురించి పేపర్లలో ఎన్నోసార్లు చదివాను. ఆ కల్లులో కలిపేవాటిలో ఇదే ఆల్ప్రజోలం ఒకటి. రెండు సంగతులూ నాకు తెలుసు, కలిపి చూడలేదు. తెల్లవారుజామున డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఎవరు ఆపమన్నారు?" అంది. "నేనే" అన్నాను. మళ్ళీ మొదలుపెట్టించింది. మొదలుపెట్టడానికి ఒక్క చీటీ చాలు, ఆపడానికి ఒక డాక్టరు, ఒక క్యాలెండరు, బోలెడు ఓపిక కావాలని ఆ రాత్రి తెలిసింది. ఇది చదివి ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళ బిళ్ళలు తీసి చెత్తబుట్టలో వేసే పని మాత్రం పెట్టుకోకండి. డబ్బా మొత్తం సంచిలో వేసుకుని ఒక్క డాక్టరు ముందు కుమ్మరించండి, చాలు.

ఆ ఆల్ప్రజోలం అసలెలా దొరుకుతోందో కూడా అప్పుడే తెలిసింది. యాప్ దాన్ని పంపదు. మావయ్య వీధి చివర మందుల షాపులో తెచ్చేవాడు. అది 'హెచ్ వన్' షెడ్యూల్లోని మందు. 2014 నుంచి అలాంటివి అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. "రిజిస్టరా? మనవాళ్ళేగా," అన్నాడు మావయ్య.

* * *

పన్నెండు ఆరయ్యాయి. మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గింది, గ్లిమెపిరైడ్ రెండూ పోయాయి. ఆమ్లోడిపిన్ మళ్ళీ అయిదుకొచ్చింది, కాళ్ళవాపు తీసింది. మోకాలికి మామూలు పారాసెటమాల్, అదీ నొప్పున్న రోజే. క్రియాటినిన్ 0.9కి దిగింది. వణుకు వెంటనే పోలేదు. రెండు నెలలు ఏ మార్పూ లేదు. నేను ఆశ వదిలేసుకున్నాక, ఒకరోజు మావయ్య వీడియో పంపాడు. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతే, ముప్ఫై సెకన్లు. నేను దాన్ని చాలాసార్లు చూశాను.

పూర్తిగా తగ్గలేదు. అలిసిపోయినప్పుడు కుడిచెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. ఆ మిగిలింది మందు వల్లో, మందు బయటపెట్టిన జబ్బో, ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. మతి చాలావరకు తిరిగొచ్చింది. నన్ను నా పేరుతోనే పిలుస్తోంది. "అప్పుడు మీరందరూ నా ముందే ఏం మాట్లాడుకున్నారో నాకు తెలుసులే," అంది ఒకసారి, పేపర్ మడత పెడుతూ. ఎంత తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అసలు కష్టం ఇంకోచోట వచ్చింది. బిళ్ళలు తగ్గించినందుకు ఆవిడ సంతోషించలేదు. మొదటి నెల డబ్బా తెరిచి చూసి, "ఇంతేనా?" అంది. పక్కింటి పిన్నిగారికి పదిహేనున్నాయట, ఆవిడ కొడుకు అమెరికా నుంచి పంపిస్తాడట. "నాకింక మందులు దండగనుకున్నారా?" అని మా అమ్మని అడిగిందట. నేను వెళ్ళినప్పుడు వివరంగా చెప్పాను. ఆమ్లోడిపిన్, కాళ్ళవాపు, బాణాలు, అన్నీ. ఓపిగ్గా విని, "అయితే అవన్నీ తప్పు మందులా?" అంది.

"తప్పని కాదు అమ్మమ్మా. నీకు సరిపడనివి."

"మరి నువ్వే కదరా పంపింది."

"నేనే పంపా. పదిహేను రోజులు వేసుకోవాల్సింది పదిహేడు నెలలు పంపా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి తీసుకుని దానిమీద తన వణికే చెయ్యి పెట్టి, "పోన్లే, మర్చిపోకుండా పంపావుగా," అంది. క్షమించడం అనొచ్చేమో దాన్ని. నాకు మాత్రం అంతకన్నా గట్టిగా ఎవరూ తిట్టలేదు.

ఆ నెలనెలా వెళ్ళే ఆర్డర్ తీసేశాను. ఇప్పుడు ప్రతి నెలా చీటీ చూసుకుని, చేత్తో పెడతాను. షీట్‌లో రెండు గడులు కొత్తగా వచ్చాయి: 'ఎందుకు', 'ఎప్పటిదాకా'. ఒక్క ఆల్ప్రజోలం దగ్గర రెండో గడి ఇంకా నిండలేదు. పావుముక్క దగ్గర అమ్మమ్మ ఆగిపోయింది. అది లేకపోతే నిద్రపట్టదంటుంది. డాక్టరమ్మ కూడా బలవంతపెట్టలేదు.

మధ్యాహ్నం ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొదట్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. "మందులేసుకున్నావా?" తప్ప రెండేళ్ళుగా నేనావిణ్ణి ఏమీ అడగలేదని అప్పుడు తెలిసింది. మొన్న కూడా ఫోన్ ఎత్తాక ఒక నిమిషం ఊరుకున్నాను. ఆవిడే అడిగింది, "ఏంట్రా, ఏం వండుకున్నావ్?"

చిక్కుడుకాయ కూర అన్నాను. ఎలా చేశావో చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టగానే తప్పు పట్టుకుంది.